ట్రాలీ వెనక పేరు

మీ బిడ్డల పేర్లు రాయించుకోవడానికి ట్రాలీ వెనక తలుపు మీద మూరెడు జాగా దొరికింది కదా, ఎర్రదీపం బిగించడానికి బెత్తెడు జాగా దొరకలేదా? చెరుకు ట్రాలీల ఓనర్లూ, మిమ్మల్నే అడుగుతున్నది. పేరు చుట్టూ పూలతీగ గీయించారు. అటొక నెమలి, ఇటొక నెమలి. పొద్దుగూకినాక ఆ నెమళ్లు ఎవరికి కనపడతాయి? ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చునేవాళ్లూ, మీకూ ఇదే మాట. చెరుకులో మట్టి ఎంతుందో చూస్తారు, ఆకు ఎంతుందో చూస్తారు. బండి వెనక దీపం ఉందా అని ఒక్కరైనా వంగి చూశారా? మీరందరూ కలిసి ఒక ఆడపిల్లకు పేరు పిలిచే మనిషి లేకుండా చేశారు.

ఆ పిల్ల తల్లి పేరు వందన. బాన్సువాడలో మెహబూబీ వాళ్ల ఇంటి వెనక గదిలో కిరాయికి ఉంటుంది, బీడీలు చేస్తుంది. పుట్టింది పెద్ద కొడప్‌గల్ దగ్గర పల్లెలో. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి ఇంకో పెళ్లి చేసుకుని ఆ సంసారంలో మునిగిపోయాడు, మళ్లీ పైకి తేలలేదు. ఆమె మొగుడు మహిపాల్ బాన్సువాడ నుంచి రుద్రూర్‌కు ఆటో నడిపేవాడు. అతనికీ తల్లిదండ్రులు లేరు. అక్క రాజమణి సాకింది. తానే పిల్ల, చంకలో ఇంకో పిల్లవాడు. అట్లా మోసి పెంచింది. ఇద్దరికీ కలిపి ఈ లోకంలో చుట్టమని చెప్పుకోవడానికి ఉన్నది ఆ రాజమణి ఒక్కతే.

వందనకు నెల తప్పినప్పటి నుంచి మహిపాల్ ఒకటే పాట. "బిడ్డే పుడతది. రాసిపెట్టుకో." మగపిల్లవాడి పేరు ఒక్కటి కూడా వెతకనివ్వలేదు. బిడ్డకు రెండు పేర్లు ఉండాలన్నాడు. ముందు పేరు వందన పెట్టాలి. నడుమ పేరు మాత్రం తనది. అది ఎప్పుడో ఖాయం చేసుకున్నాడు. రాజమణి.

ఇక ఆ నడుమ పేరుకు జత కుదిరే ముందు పేరు కోసం ఇంట్లో రోజూ పంచాయితీయే.

"సహస్ర రాజమణి," అనేది వందన, బీడీ ఆకు కత్తిరిస్తూ.

"ఊహూ. సహస్రలు గీ గల్లీల ఇప్పటికే మస్తుమంది ఉన్నరు. ఒక్కదాన్ని పిలిస్తే అందరు ఉరికొస్తరు."

"అయితే హన్విక రాజమణి."

"కొత్త జీన్స్ ప్యాంటు మీద మా తాత అంగీ తొడిగినట్టున్నది."

"మరి నీ అక్క పేరు గట్లుంటే నేనేం జెయ్యాలె?" అని వందన మీదికి లేచేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. మహిపాల్ ఆ పేర్లను ఆటోలోకి కూడా మోసుకుపోయేవాడు. ఎక్కిన ప్రతి మనిషినీ అడిగేవాడు. ఒక ముసలాయన అన్నాడట: "గింత పొడుగు పేరు పెడితే బడిల హాజరు పిలిచేసరికే పొద్దుగూకుతది బిడ్డా." మెహబూబీ మాత్రం మెచ్చుకుంది. "మా ఇండ్లల్ల రెండు పేర్లు మామూలే బేటీ. షాహీన్ సుల్తానా, ఆసిమా బేగం. మొదటి పేరు ప్యార్‌ల పిలుస్తం. కోపమొస్తే రెండూ కలిపి పిలుస్తం."

ఒకరోజు వందన బట్టలుతుకుతూ ఉంటే కాలువలో నీళ్లు వదిలారు. మంజీర నది నీళ్లు. చిన్నప్పుడు అమ్మ ఆ నీళ్లలోనే నిలబెట్టి తలకు పోసేది. అమ్మ మొహం ఆమెకు సరిగ్గా గుర్తు లేదు, ఆ నీళ్ల చల్లదనం గుర్తుంది. సాయంత్రం మహిపాల్ రాగానే చెప్పింది. "మంజీర రాజమణి."

అతను ఆటో దిగకుండానే ఆ పేరును నోట్లో వేసుకుని చప్పరించినట్టు రెండుసార్లు అన్నాడు. "మంజీర రాజమణి. ఇగ అయిపోయింది. పేరంటే గిది."

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు.

మహిపాల్ వాళ్లింట్లో ఒక కట్టు ఉంది. తొట్టెలలో వేసే రోజుకు ముందు బిడ్డ పేరు బయట పెట్టకూడదు. ఆ రోజున మేనత్త వచ్చి, బిడ్డను తొట్టెలలో వేసి, చెవిలో మొదటిసారి పిలవాలి. అప్పటిదాకా తల్లి కూడా ఆ పేరుతో పిలవదు. మహిపాల్‌కు ఆ కట్టు తెలుసు. తెలిసే, మెహబూబీ కొడుకు ఆతిఫ్ నడిపే రేడియం దుకాణానికి పోయాడు. లైటు పడితే మెరిసే ఆ స్టిక్కరును అందరూ రేడియమే అంటారు. ఎర్ర రేడియంలో పేరు కత్తిరించమన్నాడు. బిడ్డ ఇంకా కడుపులో ఉండగానే ఆటో వెనక అద్దం మీద అంటించాడు: మంజీర రాజమణి.

రుద్రూర్‌లో ఉండే అక్క చూసింది. ఆటో వెనక నిలబడి తన పేరు తానే చదువుకుంది. మొహంలో ఒక పక్క సంబరం, ఇంకో పక్క భయం.

"ఒరేయ్, తొట్టెలకు ముందే పేరు బజార్ల ఏస్తవారా? బుద్ధి లేదా నీకు?"

"అక్కా, నీ పేరు ఎనుక పెట్టుకుంటే నాకెవడు డ్యాష్ ఇస్తడే!"

అట్లా అన్నాడు. ఆ మాట రాజమణి చెవిలో ముల్లులా ఉండిపోయింది.

చలికాలం, ఫ్యాక్టరీకి చెరుకు పోయే రోజులు. రుద్రూర్ దాటాక గోవర్ధన్ అనే రైతు ట్రాలీ లోడుతో పోతూ ఉంటే టైరు పగిలింది. నడిరోడ్డు మీదే జాకీ ఎత్తి నిలబెట్టారు. చుట్టూ నాలుగు రాళ్లు పేర్చారు. డ్రైవరు ఇంకో టైరు కోసం పోయాడు. పొద్దు గూకింది, మంచు దిగింది. ట్రాలీ వెనక దీపం లేదు, మెరిసే పట్టీ లేదు. రెండు నెమళ్లు, 'చిన్మయి - తన్మయి' అనే రెండు పేర్లు మాత్రం ఉన్నాయి. మహిపాల్ ఖాళీ ఆటోతో ఇంటికి వస్తున్నాడు. అతని ఆటో వెనక ఉన్న పేరు వెనక వచ్చేవాళ్లకు మెరుస్తుంది. ముందున్న ట్రాలీ అతనికి మెరవలేదు.

కేసు నడుస్తుందన్నారు. కేసు సంగతేమో గానీ, ట్రాలీ మాత్రం వారం తిరక్కుండానే నడిచింది.

చలి తగ్గేవేళ వందనకు బిడ్డ పుట్టింది. ఆడపిల్లే. మహిపాల్ అన్నట్టే. దవాఖానలో పక్క మంచం మీది ఆమె చుట్టూ తల్లి, అత్త, ఇద్దరు ఆడబిడ్డలు. డబ్బాల్లో కారం అన్నం, దానికి తోడు వాళ్ల ముచ్చట్ల గొడవ. వందన పక్కన మెహబూబీ ఒక్కతే కూర్చుంది. ఆమె కూడా నమాజు వేళకు ఇంటికి పోయి వచ్చేది. ఆ మధ్యలో వందన బిడ్డ మొహం చూస్తూ పడుకునేది. నోటి దాకా వచ్చిన పేరును మింగేసేది. మేనత్త పిలిచేదాకా తాను పిలవకూడదు కదా.

రాజమణికి ఫోన్ చేసింది.

"తొట్టెలకు రా వదినె."

"వస్త. కాని గా పేరైతే పిలువ. నా పేరు తీసెయ్, గా మంజీర గూడ తీసెయ్. వేరే ఏదన్న పెట్టుకో."

"గది ఆయన పెట్టిన పేరు."

"పెట్టిండు, పొయిండు," అని రాజమణి ఫోన్ పెట్టేసింది.

ఇరవై ఒకటో నాడు వందన దూలానికి చీర కట్టి తొట్టెల చేసింది. శనగలతో గుడాలు ఉడకబెట్టింది. ఎవరికి పంచాలో తెలియకపోయినా ఉడకబెట్టింది. గడపకు పసుపు రాసింది. గల్లీలో ఆడవాళ్లు తొంగి చూసి, పుట్టకముందే తండ్రి పోయిన బిడ్డ తొట్టెలకు పోవాలో వద్దో తేల్చుకోలేక, ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ప్రతి ఆటో చప్పుడుకూ వందన గుమ్మంలోకి వచ్చింది. ఆటోలన్నీ వేరేవాళ్ల ఇళ్లకే పోయాయి.

మెహబూబీ గుడాలు తిని గిన్నె కడిగి బోర్లించింది. "బేటీ, నేను పిలువనా? అల్లా మీద ఆన, మంచిగ పిలుస్త. బిడ్డకు పేరు కావాలె గని, ఎవరు పిలిస్తే ఏంది?"

వందన మిగిలిన గుడాల మీద మూత పెట్టింది. "నువ్వు పిలిస్తే నాకు సంబరమే అక్కా. కాని సగం పేరు ఆమెదే. ఆమె ఉండంగ ఆమె పేరు ఇంకొకరు పిలిస్తే, ఆమె గూడ సచ్చినట్టే అయితది."

"మరేం జేస్తవ్?"

"పోత. రుద్రూర్ పోత."

"పచ్చి బాలెంతవు! దిమాగ్ ఖరాబైందా?" అని మెహబూబీ అరిచింది. అరుస్తూనే లోపలికి పోయి బిడ్డ తలకు చుట్టడానికి తన మెత్తటి దుపట్టా తెచ్చి ఇచ్చింది.

దారిలో వందన ఆతిఫ్ దుకాణం దగ్గర ఆగింది. ఆటో అద్దం ఆ రోజే ముక్కలైంది. మళ్లీ అదే పేరు, అదే ఎర్ర రేడియంలో, ఇంకాస్త పెద్ద అక్షరాలతో కత్తిరించమంది. ఆతిఫ్ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

"దేని మీద అంటిస్తవ్ అక్కా? ఆటో లేదు గద."

"తొట్టెలకు," అంది వందన. అప్పటికి ఆమె అనుకున్నది అదే.

రుద్రూర్‌లో రాజమణి ఇల్లు ఫ్యాక్టరీకి పోయే రోడ్డు మీదే. ఆమె వ్యవసాయ పరిశోధన కేంద్రం మడుల్లో కూలికి పోతుంది. ఆ రోజు పోలేదు. గడపలో కూర్చుని ఉంది, తల దువ్వుకోలేదు. తొట్టెలకు రాకపోయినా, పనికి కూడా పోలేకపోయిందన్నమాట.

"ఎందుకొచ్చినవ్ వందనా, గీ ఎండల పసిగుడ్డునేసుకుని?"

"నువ్వు రాలే. అందుకే మేమే వచ్చినం. పిలువు వదినె. పిలిచినంక పోతం."

"నా నోటికెళ్లి రాదు."

"ఎందుకు రాదు?"

"నా పేరు ఎనుక పెట్టుకుంటే వానికి ఎవడు డ్యాష్ ఇయ్యడన్నడు. తొట్టెలకు ముందు పేరు బజార్ల ఏసిండు. నేను గూడ చూసి మురిసిన. గట్టిగ అడ్డం పడలే. నా పేరే వాన్ని తిన్నది."

"నీ పేరు గాదు వదినె, దీపం లేని ట్రాలీ తిన్నది."

"ట్రాలీలు ఊరంత తిరుగుతున్నయ్. అందరు సచ్చిండ్రా? మా తమ్ముడే ఎందుకు పొయిండు?"

ఈ ప్రశ్న అడ్డం పెట్టుకునే కదా దీపం పెట్టనివాళ్లంతా తప్పించుకుంటున్నది! చచ్చినవాడి ఇంట్లో ఆడవాళ్లు తమ నోటిని, తమ పేరును, తమ పసిబిడ్డ పుట్టుకను తిట్టుకుంటూ ఉంటారు. ట్రాలీ దర్జాగా రోడ్డు మీద పోతూ ఉంటుంది.

రాజమణి లేచి లోపలికి పోయి నల్లపూసల దారం తెచ్చింది. ఎప్పుడు గుచ్చి పెట్టుకుందో ఏమో. బిడ్డ చేతికి కట్టింది. కట్టేటప్పుడు చెయ్యి మాత్రమే చూసింది, మొహం చూడలేదు.

"ఒక్కసారి చూడు వదినె. ముక్కు ఆయనదే."

"గందుకే చూడను," అని రాజమణి లోపలికి పోయి తలుపు వేసుకుంది. గొళ్లెం పడిన చప్పుడు, ఆ వెనక ఏడుపు. వందన తలుపు మీద చెయ్యి ఆనించింది. లోపల ఒక మనిషి, బయట ఒక మనిషి, ఇద్దరికీ పోయినవాడు ఒక్కడే. అయినా ఇద్దరూ ఒకచోట కూర్చుని ఏడవడానికి లేదు.

రోడ్డు మీదికి వచ్చింది. బాన్సువాడ బస్సు ఇంకా రాలేదు. పొద్దు వాలుతోంది. కాస్త ఎడంగా, చాయ్ హోటల్ ముందు చెరుకు ట్రాలీలు వరసగా ఆగి ఉన్నాయి. ఎండలు ముదరకముందే ఆఖరి లోడ్లు. వందన ఊరికే అటు చూసింది. చివరి ట్రాలీ వెనక తలుపు మీద రెండు నెమళ్లు ఉన్నాయి. చిన్మయి - తన్మయి. ఎడమవైపు నెమలి మెడ మీద నీలం రంగు మిగతా రంగులకన్నా కొత్తగా మెరుస్తోంది. ఆటో తగిలి పెయింట్ ఊడిన చోటు అదే, ఆ రోజు తీసిన ఫోటోల్లో చూసింది. మళ్లీ వేయించారు. దాని కింద, పైన, పక్కన ఎక్కడా దీపం లేదు.

చాయ్ గ్లాసుతో బండ మీద కూర్చున్న గోవర్ధన్, కేసప్పుడు స్టేషన్‌లో దూరం నుంచి చూసిన ఆమెను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"చెల్లె... నువ్వా?"

"నీ ట్రాలీయేనా అన్నా?"

"నాదే. సూడు చెల్లె, నేను కావాలని చేసింది గాదు. టైరు పలిగింది. చుట్టు రాళ్లు గూడ పెట్టిచ్చిన."

"రాళ్లు చీకట్ల మెరుస్తయా?"

గోవర్ధన్ చాయ్ వైపు చూశాడు. "లైటు పెట్టిస్తనే ఉంట. చెరుకు దించేటప్పుడు పలుగుతది. ఎన్నిసార్లని పెట్టిస్తం?"

"నెమలి మెడ రంగు పోతే మల్ల ఏయించినవ్ గద."

హోటల్ దగ్గర నవ్వుతూ ఉన్న డ్రైవర్లు ఇటు తిరిగారు.

"చిన్మయి, తన్మయి నీ బిడ్డలా?"

"అవు. కవలలు."

"చెవుల ఎవరు పిలిచిండ్రు?"

"మా అక్క."

"నా బిడ్డ మేనత్త తలుపేసుకున్నది. గీ పేరే తమ్మున్ని తిన్నదంటది. నీ ట్రాలీ మాట ఆమె నోట్ల రానే రాదు." వందన బిడ్డను ముందుకు చాపింది. "పట్టుకో."

"ఏంది?"

"పట్టుకో అన్నా. మెడ కింద చెయ్యి పెట్టు."

గోవర్ధన్ చాయ్ గ్లాసు కింద పెట్టి బిడ్డను అందుకున్నాడు. కవలలను పెంచిన చేతులు కదా, బిడ్డ కదలకుండా ఒదిగింది. వందన కొంగుతో ట్రాలీ తలుపు మీది దుమ్ము తుడిచింది. ఆతిఫ్ ఇచ్చిన స్టిక్కరు విప్పింది. రెండు నెమళ్ల కింద పెట్టి, బొటనవేలి గోరుతో గాలి బుడగలు లేకుండా ఒత్తుకుంటూ వచ్చింది.

"ఏం జేస్తున్నవ్ చెల్లె, నా బండి మీద! నలుగురు చూస్తే..."

"అరువకు. బిడ్డ లేస్తది."

అతను బిడ్డను దించలేడు, ఆమెను ఆపలేడు. మంజీర రాజమణి. ఎర్రటి అక్షరాలు. గోవర్ధన్ బిడ్డల పేర్ల కింద.

"తీసేసినవంటే మల్లొచ్చి అంటిస్త," అంది వందన, బిడ్డను తీసుకుంటూ. "నువ్వు దీపం పెట్టిన నాడు నేనే తీసేస్త."

ముందున్న ట్రాలీలు కదిలాయి, ఈ బండి డ్రైవరు హారన్ కొట్టాడు. గోవర్ధన్ తల వంచుకుని ట్రాక్టరు ఎక్కాడు.

వందన రోడ్డు పక్కన ఒక్కతే మిగిలింది. మెహబూబీ దుపట్టా కాస్త పక్కకు జరిపి బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టింది. ఎన్నో రోజులుగా మింగుతూ వచ్చిన మాట. "మంజీర." ఆగింది. ముందు పేరు తాను పెట్టిందే, ఆ రెండో పేరు పిలవాల్సినది మాత్రం రాజమణే. అది అక్కడే ఆగిపోయింది, సగం పేరుగా.

చీకటి పడుతోంది. ట్రాలీ వెనకే ఒక మోటార్ సైకిల్ పోయింది. దాని లైటు పడగానే ఎర్రటి అక్షరాలు ఒక్కసారిగా మండాయి. మోటార్ సైకిల్ నెమ్మదించి, పక్కకు తప్పుకుని, దాటి పోయింది. ఆ పిల్లవాడు ఎవరో, ఎవరి తమ్ముడో, ఇంటికి పోతాడు. ట్రాలీ రాజమణి ఇంటి ముందు నుంచే పోతుంది. ఆ వేళకు ఆమె తలుపు తెరిచి ఉందో లేదో వందనకు ఇక్కడినుంచి కనపడదు. బస్సు ఇంకా రాలేదు. బిడ్డ వేడి ఒక్కటే ఒంటికి ఆనుకుని ఉంది.

ఆ స్టిక్కరు ఒక్క ట్రాలీకే సరిపోయింది. మిగతా ట్రాలీల మీద అంటించడానికి వందన దగ్గర ఇంకో బిడ్డ పేరు లేదు. అందుకే చెప్తున్నది, వినండి. రేపు పొద్దున చెరుకు ఎత్తకముందే ప్రతి ట్రాలీ వెనకా ఎర్రదీపం బిగించండి. పగిలితే మళ్లీ బిగించండి. దీపం లేని బండిని గేటు లోపలికి రానివ్వకండి. టైరు పగిలితే బండి దగ్గర లైటు పట్టుకుని ఒక మనిషి నిలబడాలి.

రాజమణీ, నువ్వు తలుపు తియ్యి. తప్పు నీ పేరుది కాదు. సగం పేరుతో ఒక పసిబిడ్డ రోడ్డు మీద ఉంది. పోయి, మిగతా సగం పిలువు.